నీరు పల్లమెరుగు

– ఎం.ఏ. (అర్థశాస్త్రం), మన హాస్టల్ పూర్వ విద్యార్థి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. తెల్లవారుజామున స్టడీ అవర్, నీళ్ల చారు, ఆదివారం కోడిగుడ్డు, వార్డెన్ సార్ అడుగుల చప్పుడు వినగానే ఆరిపోయే మా మాటలు – ఇవన్నీ రాయడానికి నాకంటే బాగా రాయగల సీనియర్లు ఉన్నారు. అందుకే నేను వేరే విషయం ఎంచుకున్నాను. వరద గురించి రాస్తున్నాను.

ఇది మన సంచికలో రాయాల్సిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి గుర్తు చేసుకోండి. జూలై, ఆగస్టు నెలల్లో రెండు రోజులు వదలకుండా వాన పడితే మన హాలులో ఎంతమందికి నిద్ర పట్టేది? వార్డెన్ సార్ గది దగ్గర ఫోను కోసం ఎంతమంది వరస కట్టేవాళ్లు? మనలో చాలామంది ఏటి పక్కనో, వాగు పక్కనో, చెరువు కిందనో ఉన్న వాడల నుంచి వచ్చినవాళ్లం. కళ్లు పుస్తకం మీద ఉన్నా మనసు ఇంటి చుట్టూ తిరిగేది.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని మా నాయనమ్మ తరచూ అనేది. నీటికి పల్లం తెలుసు, నిజమే. కానీ ఆ పల్లంలో ఎవరున్నారో, ఎందుకున్నారో దేవుడికి ఒక్కడికే తెలిసిన రహస్యం కాదు. అది మనుషులు చేసిన ఏర్పాటు. వరద ప్రకృతి పని కావచ్చు, ఆ వరదలో ఎవరు ముందు మునగాలన్నది మాత్రం మనుషులు ఎప్పుడో నిర్ణయించి పెట్టారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మా ఊరి వరద

మాది గోదావరి ఒడ్డున, భద్రాచలానికి దిగువన ఉన్న చిన్న ఊరు. ఊరు మెరక మీద ఉంటుంది. మా వాడ ఊరికి ఆవల, వాగుకు ఈవల ఉంటుంది. గోదావరి వరద మాకు నది వైపు నుంచి రాదు, వెనక ఉన్న వాగు వైపు నుంచి వస్తుంది. బయటివాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. నది నిండుగా పారుతున్నప్పుడు వాగు నీళ్లు అందులో కలవలేవు. పైగా నది నీళ్లే వాగులోకి ఎగదన్నుతాయి. కాబట్టి నది ఒడ్డున కూర్చుని చూసేవాళ్లకు ఇంకా ప్రమాదం లేదనిపించే సమయానికే మా పొయ్యిలు మునిగి ఉంటాయి.

భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులకు చేరింది. అప్పుడు మా నాన్న పదేళ్ల పిల్లవాడు. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. రెండు వరదల మధ్య ముప్పై ఆరేళ్లు గడిచాయి. దేశంలో ఎన్నో మారాయి. మా వాడ ఉన్న చోటు మారలేదు. నాన్న ఏ చింతచెట్టు దగ్గర నిలబడి తన ఇల్లు కూలడం చూశాడో, నేనూ ఆ చింతచెట్టు దగ్గరే నిలబడి చూశాను.

ఆ వారం వానలకు కాలేజీకి సెలవులిస్తే ఇంటికి వచ్చి ఉన్నాను. సాయంత్రం ఆటోకు మైకు కట్టి, అందరూ బడి దగ్గరికి వెళ్లిపోవాలని చాటింపు వేశారు. ఏది పట్టుకెళ్లాలి, ఏది వదిలేయాలి అని ఆలోచించడానికి అరగంట కూడా లేదు. ఇంట్లో బియ్యం బస్తా ఉంది, నా ట్రంకు పెట్టె ఉంది. మా అమ్మ పెట్టె ఎత్తుకుంది. అది నాకు హాస్టల్లో ఇచ్చిన పెట్టె. మూత మీద నా పేరు, తరగతి తెల్లరంగుతో రాసి ఉంటాయి. అందులో నా పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం, చెల్లెలి బోనఫైడ్లు, రేషన్ కార్డు, నాయనమ్మ పింఛను పుస్తకం ఉన్నాయి. "బియ్యం పోతే అప్పు చేసి తెచ్చుకుంటాం. ఇవి పోతే ఎవరిస్తార్రా?" అంది. మా అమ్మ బడికి పోలేదు. సంతకం చేయడం చెల్లెలి దగ్గర నేర్చుకుంది. అయినా ఆ రోజు ఏది విలువైనదో నాకంటే ముందు ఆమెకే తెలిసింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. ఆ రాత్రి ఊరి రైతు ఒకాయన తన ట్రాక్టరు మా వాడకు మూడుసార్లు తిప్పాడు. మా నాయనమ్మను చేతుల మీద ఎత్తి ట్రక్కులోకి ఎక్కించింది ఆయనే. డీజిలు డబ్బులు కూడా అడగలేదు. బడిలో నాలుగు రోజులు ఊరివాళ్లు, మేము ఒకే గంజి తాగాం. ఎవరూ చెప్పకపోయినా వాళ్లొక గదిలో, మేమొక గదిలో పడుకున్నాం, అది వేరే సంగతి. మనుషుల్లో దయ లేదని నేను అనను. అయితే దయ వరద వచ్చిన రోజున మాత్రమే వస్తుంది. నీళ్లు తీసిన తర్వాత ఆయన మెరక మీద ఇంటికి వెళ్లాడు, మేము పల్లంలోకి వచ్చాం. ఒక మనిషి మంచితనం ఒక రాత్రిని దాటించగలదు, వాడ ఉన్న చోటును మార్చలేదు.

మా పక్కింటి తమ్ముడు అప్పుడు ఇంటర్ రెండవ సంవత్సరం. వాళ్ల కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి గోడ గూట్లో పెట్టుకున్నారు. మట్టి గోడ కూలి గూడు బురదలో కలిసిపోయింది. డూప్లికేట్ మెమో కావాలంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, నోటరీ అఫిడవిట్, చలానా, మళ్లీ దరఖాస్తు. తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు. ఒకచోట "కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోవద్దా?" అని కూడా అన్నారట. మూడుసార్లు తిరిగి నాలుగోసారి మానేశాడు. ఇంట్లో అప్పు పెరిగింది. సెంట్రింగ్ పనికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. ఆ ఏడాది తయారైన నష్టాల జాబితాలో కూలిన ఇళ్లున్నాయి, చచ్చిన గేదెలున్నాయి. ఆగిపోయిన ఒక చదువు ఏ గడిలోనూ లేదు.

దేశమంతటా అదే పల్లం

ఇది మా ఒక్క ఊరి కథ అయితే ఇంతగా రాసేవాడిని కాదు. జాతీయ వరదల కమిషన్ 1980లో ఇచ్చిన నివేదికలో దేశంలో నాలుగు కోట్ల హెక్టార్ల భూమికి వరద ముప్పు ఉందని అంచనా వేసింది. పీజీలో చేరాక ఈ విషయం మీద చదివిన కొద్దీ ప్రతి రాష్ట్రంలోనూ నాకు మా వాడే కనిపించింది.

బీహారు సంగతి చూడండి. కోసీ నదిని అదుపు చేయడానికి 1950లలో రెండు వైపులా కరకట్టలు కట్టారు. బయట ఉన్నవాళ్లకు రక్షణ అన్నారు. కానీ రెండు కట్టల మధ్య వందలాది గ్రామాలు ఉండిపోయాయి. ఏటా నది వాళ్ల ఇళ్ల మీదుగానే పోతుంది. 1954లో ఆ రాష్ట్రంలో కరకట్టల పొడవు 160 కిలోమీటర్లు, వరద ముప్పు ఉన్న ప్రాంతం 25 లక్షల హెక్టార్లు. తర్వాత కరకట్టలు 3,700 కిలోమీటర్లు దాటాయి. వరద ముప్పు తగ్గాలి కదా? అది 68 లక్షల హెక్టార్లు దాటింది. నది తెచ్చిన ఒండ్రు కట్టల మధ్యే పేరుకుని అడుగు పైకి లేస్తుంది. కట్టకు బయట పడ్డ వాన నీరు నదిలోకి పోలేక నిలిచిపోతుంది. 2008 ఆగస్టు 18న నేపాల్ లోని కుసహా దగ్గర కోసీ కట్ట తెగింది. అప్పుడు నదిలో పారుతున్న నీరు, కట్ట తట్టుకోవాల్సిన నీటిలో ఆరో వంతు కూడా లేదు. బీహారులో ముప్పై లక్షల మందికి పైగా నిరాశ్రయులయ్యారు లేదా నష్టపోయారు. కాబట్టి "ఒక కట్ట కడితే సరిపోతుంది" అనేవాళ్ల మాట వినే ముందు, ఆ కట్టకు ఏ వైపున ఎవరుంటారని మనం అడగాలి.

అస్సాంలో దాదాపు నలభై శాతం భూమికి వరద ముప్పు ఉంది. బ్రహ్మపుత్ర అక్కడ ఇళ్లను ముంచడంతో ఆగదు, భూమినే కోసుకుపోతుంది. 1950 నుంచి నాలుగు లక్షల హెక్టార్లకు పైగా భూమి నదిలో కలిసిపోయిందని ఆ రాష్ట్ర జలవనరుల శాఖ లెక్క. నీళ్లు తీసిన తర్వాత తిరిగి వెళ్లడానికి మనకు కనీసం బురద నేలైనా ఉంటుంది. వాళ్లకు అదీ ఉండదు. భూమి పోయినవాడు కట్ట మీద గుడిసె వేసుకుంటే ఆక్రమణదారుడు అంటారు. అదే అస్సాంలో మిసింగ్ గిరిజనులు తరతరాలుగా వెదురు గుంజల మీద ఎత్తుగా ఇళ్లు కట్టుకుంటున్నారు. వాటిని చాంగ్ ఘర్ అంటారు. కింద నీళ్లు పారుతుంటే పైన మనుషులు ఉంటారు. చదువు లేనివాళ్లని ఎవరిని అంటారో వాళ్ల దగ్గరే ఇంతటి తెలివి ఉంది.

కేరళలో 2018 ఆగస్టు వరదల్లో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఇరుకు ఇళ్లలో బతికే మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని, పిలవకముందే ఊళ్లలోకి వచ్చారు. సుమారు 65 వేల మందిని కాపాడారు. ఆడవాళ్లు పడవ ఎక్కలేకపోతుంటే ఒక మత్స్యకారుడు నీళ్లలో వంగి తన వీపును మెట్టుగా పెట్టాడు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఆ మత్స్యకారుల సొంత ఇళ్లు మాత్రం ఏటా అలలకు కోతకు గురవుతూనే ఉన్నాయి.

నగరాల్లోనూ ఇంతే. 2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది పొంగినప్పుడు ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లు ముందు మునిగారు. ఆ తర్వాత వాళ్లలో చాలా కుటుంబాలను ఊరికి దూరంగా పెరుంబాక్కం అనే చోటికి తరలించారు. పని ఒకచోట, ఇల్లు ఇంకోచోట అయింది. అక్కడా పక్కనే చిత్తడి నేలలు, వానకు మళ్లీ నీళ్లు. మన దగ్గర 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులతో కొత్త రికార్డు. అయితే విజయవాడలో సింగ్ నగర్ వైపు ముంచింది కృష్ణ కాదు. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ఏళ్ల తరబడి ఇరుకైపోయిన ఏరు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో తక్కువ అద్దెకు దొరికే ఇళ్లలో ఆటోడ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే అమ్మలు ఉన్నారు.

"అక్కడ ఎందుకుంటారు?"

ఈ ప్రశ్న నన్ను పీజీ క్లాసులో ఒక మిత్రుడు అడిగాడు. దురుద్దేశంతో అడగలేదు. "మునుగుతుందని తెలుసు కదా, ఖాళీ చేసి పోవచ్చు కదా" అన్నాడు. జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

మా వాడను పల్లంలో కట్టుకోవాలని మా తాతలు ఎంచుకోలేదు. మెరక నేలల్లో ఊరు, పక్కన మాగాణి, మిగిలింది వాగు గట్టు. ఊరి నీళ్లు ఎటు పారతాయో అటే వాడ. ఇది ఒక్క మా ఊళ్లో కాదు, మీ ఊరు కూడా ఒకసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోండి. తర్వాతి కాలంలో కాలనీ ఇళ్లు ఇచ్చినప్పుడు కూడా ఎక్కువచోట్ల చవకగా దొరికిన భూమినే చూశారు. చవకగా ఎందుకు దొరుకుతుంది? నీళ్లు నిలుస్తాయి కాబట్టి. 1986 వరద తర్వాత మా తాత, మరికొందరు పెద్దలు మెరక మీద జాగా ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. ఆ భూమి ఖరీదు ఎక్కువ అన్నారట. అలా మా తాత తరం గడిచింది, నాన్న తరం గడుస్తోంది. పని పొలాల దగ్గర, అప్పు ఇచ్చేవాడు ఊళ్లో, రేషన్ కార్డు ఊరి పేరు మీద. ఇవన్నీ వదిలి ఎక్కడికి పోతారు?

కాబట్టి ప్రశ్న మార్చాలి. "వాళ్లెందుకు అక్కడ ఉంటున్నారు?" అని కాదు, "వాళ్లకు ఇంకో చోటు ఎందుకు ఇవ్వలేదు?" అని అడగాలి.

కాగితం మీద లేని మనుషులు

చోటు తర్వాతి సంగతి కాగితం. విపత్తు సాయానికి కేంద్రం 2022లో ఇచ్చిన నిబంధనలు (2022 నుంచి 2026 వరకు వర్తించేవి) నేను చదివాను. పంట నష్టానికి వర్షాధార భూమికి హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న భూమికి 17,000, అదీ రెండు హెక్టార్ల వరకు. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000. గుడిసె పోతే 8,000. ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలన్న షరతు కూడా ఉంది.

ఈ అంకెలను మా వాడలో నిలబడి చదవండి. మా నాన్న ఎకరంన్నర కౌలుకు తీసుకుని పత్తి పెట్టాడు. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, అప్పు ఆయనది. భూమి మాత్రం వేరేవాళ్ల పేరు మీద ఉంది. పరిహారం కాగితం పట్టా ఎవరిదైతే వాళ్లనే వెతుక్కుంటూ పోతుంది. కౌలురైతుల కోసం 2011లో ఉమ్మడి రాష్ట్రంలో రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ లో 2019లో వచ్చిన చట్టంలో సాగు హక్కుల కార్డుకు భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇవ్వడేమోనని మనవాళ్ల భయం. రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతుంది. ఇక మట్టి గోడ, రేకుల ఇల్లు గుడిసె కిందికి వస్తుందా, ఇంటి కిందికి వస్తుందా అన్నది రాసేవాడి కలం మీద ఆధారపడి ఉంటుంది. ఆ కలం ఒక్క గీతకు లక్షకు పైగా తేడా. పోరంబోకులో ఉన్న ఇల్లయితే ధ్రువీకరణ దగ్గరే కథ ముగుస్తుంది.

కూలికి వెళ్లేవాళ్ల సంగతి ఏమిటి? వరద తర్వాత రెండు నెలలు పొలాల్లో పని ఉండదు. అదే నిబంధనల్లో జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాల్లో ఇద్దరు పెద్దలకు అప్పటి ఉపాధి హామీ కూలి రేటున రోజుకింత సాయం ఇవ్వవచ్చన్న మాట ఉంది. ఈ సంగతి మా వాడలో ఒక్కరికీ తెలియదు. నాకూ ఎం.ఏ.లో చేరిన తర్వాతే తెలిసింది. ఆ పేజీ చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాసి ఉన్నదాన్ని అడగడానికి కూడా ఒక చదువు కావాలి. మా ఇంట్లో ఆ చదువు ఒక తరం ఆలస్యంగా వచ్చింది.

బాబాసాహెబ్, నీళ్లు

ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్లో బాబాసాహెబ్ చిత్రపటానికి దండ వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. 1927 మార్చి 20న మహాడ్ లో చవదార్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం ఆయన నడిచిన సంగతి అందరం చెబుతాం. వరదల గురించి ఆయన చేసిన పని మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు.

1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. నీటిపారుదల, విద్యుత్తు ఆ శాఖ కిందనే ఉండేవి. 1943లో బెంగాల్ లో దామోదర్ నదికి పెద్ద వరద వచ్చి, కలకత్తాకు రైలు దారులు తెగిపోయాయి. ఆ తర్వాత దామోదర్ లోయ పథకానికి రూపురేఖలు ఇచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. 1945 నవంబరులో మహానది వరదల మీద కటక్ లో జరిగిన సమావేశానికి ఆయన అధ్యక్షత వహించారు. వరద నీటిని వదిలించుకోవాల్సిన పీడగా చూడవద్దని, నిలవ చేసి ప్రజలకు ఉపయోగపెట్టాలని అక్కడ వాదించారు. తాగే నీళ్లను తాకనివ్వని కులంలో పుట్టిన మనిషి, ఈ దేశ నదుల నీళ్లు ఎలా వాడుకోవాలో కూర్చుని ఆలోచించాడు. ఇది తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆనకట్టలే అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. అదే దామోదర్, హీరాకుడ్ ఆనకట్టల కింద ఎన్నో ఆదివాసీ గ్రామాలు మునిగాయి. వాళ్ల త్యాగానికి తగిన న్యాయం జరగలేదు. నేను చెప్పేది ఏమిటంటే – నీళ్లు, నేల, మట్టం వంటివి ఇంజనీర్ల సంగతి, పెద్దవాళ్ల సంగతి అని మనం పక్కకు జరగకూడదు. బాబాసాహెబ్ జరగలేదు.

మనం చేయాల్సింది

విమర్శ ఒక్కటే చేసి వదిలేస్తే పెద్దలు ఊరుకోరు. అందుకే నాకు తోచిన నాలుగు మాటలు చెబుతున్నాను.

మొదటిది, మెరక మీద ఇంటి స్థలం. ముంపు వాడలకు ఏటా పులిహోర పొట్లాలు, దుప్పట్లు ఇవ్వడం కంటే ఒక్కసారి ఎత్తైన చోట స్థలం ఇవ్వడం చవక. ఆ స్థలం పనికి, బడికి దగ్గరగా ఉండాలి. పట్టా ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద ఉండాలి. గ్రామసభల్లో మనం అడగాల్సిన మొదటి కోరిక ఇదే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన వాడలో ఏ ఇంటి దాకా ఏ సంవత్సరం నీళ్లు వచ్చాయో పెద్దలను అడిగి రాసి పెట్టండి. గోడ మీద గీత గీయించండి. వట్టి మాట కంటే గీత బలమైన సాక్ష్యం.

రెండవది, నష్టాల లెక్కలో కౌలుదారు, కూలి మనిషి, చదువుకునే పిల్లవాడు కూడా ఉండాలి. జాబితా తయారైనప్పుడు దాన్ని పంచాయతీ గోడకు అతికించమని అడగండి. చదివి వినిపించే పని మనది. నిబంధనలు తెలుగులో వాడకు చేరవేయడం డిగ్రీ చదివే ప్రతి ఒక్కరి బాధ్యత.

మూడవది, కాగితాలు. ప్రతి జూన్ లో హాస్టల్ తెరవగానే ఒక ఆదివారం కేటాయించి, పిల్లలందరి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కాపీలు తీసి ఒక ఫైలులో పెట్టాలి. 2015 నుంచి డిజిలాకర్ ఉంది. సీనియర్లు జూనియర్లకు అందులో ఖాతా తెరిచి ఇవ్వాలి. పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఒక జిరాక్స్ మిషను, స్కానరు ఇప్పిస్తే బాగుంటుంది. నా మొదటి స్టైపెండ్ లోంచి నా వంతు ఇస్తాను. ఈ పని 2022కు ముందే జరిగి ఉంటే మా పక్కింటి తమ్ముడు ఈ రోజు నాతో పాటు ఈ సంచికలో రాసేవాడు.

నాల్గవది, చదువు ఎంపిక. మనలో బి.ఎడ్., పోలీసు, బ్యాంకు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఉన్నారు, మంచిదే. కొంతమంది సర్వే, సివిల్ ఇంజనీరింగ్, భూగర్భ శాస్త్రం, వాతావరణ శాస్త్రం వైపు కూడా చూడండి. కాలువ ఎటు తవ్వాలో, కట్ట ఎక్కడ కట్టాలో, కాలనీకి ఏ నేల ఇవ్వాలో నిర్ణయించే బల్ల దగ్గర పల్లంలో పుట్టినవాడు ఒక్కడైనా కూర్చుని ఉండాలి. మ్యాపు మీద పల్లం ఒక గీత మాత్రమే. అక్కడ ఎవరి పొయ్యి ఉందో అతనికి తెలుస్తుంది.

మిత్రులారా, నాకు తెలిసి మా వంశంలో మెరక మీద పడుకున్న మొదటి మనిషిని నేనే. అది ఈ హాస్టల్లోనే. ఐదో తరగతిలో నన్ను ఇక్కడ దించి వెళ్తూ మా నాన్న భవనం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇక్కడికి నీళ్లు రావు, భయం లేదు" అని అమ్మతో అన్నాడు. తిండి ఎలా ఉందని గానీ చదువు ఎలా చెబుతారని గానీ ఆ రోజు ఆయన అడగలేదు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ భవనానికి, ఇందులో మాకు అన్నం పెట్టిన వంటమనుషులకు, కోప్పడి చదివించిన వార్డెన్ సార్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అయితే ఒక్క పిల్లవాడు పల్లం దాటితే సరిపోదు. మా అమ్మ, నాన్న, చెల్లెలు, నాయనమ్మ ఇంకా ఆ వాగు పక్కనే ఉన్నారు. ట్రంకు పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. జూన్ నెల రాగానే అమ్మ దాన్ని కిందికి దించి తలుపు పక్కన పెట్టుకుంటుంది. ఏ వానాకాలమైనా ఆమెకు ఆ పెట్టెను అటక మీది నుంచి దించాల్సిన పని లేని రోజు రావాలి. మన చదువులు ఆ రోజు కోసమే అనుకుందాం.

జై భీమ్.